‘కుటుంబ మూలం’ అనే గడి: ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నన్ను ‘మాస్టారూ’ అని సంబోధించావు కనుక ఆ చనువుతో ‘నువ్వు’ అనే రాస్తున్నాను. చైనా సాంస్కృతిక విప్లవం నేపథ్యంగా బీజింగ్‌లో 1966లో మొదలై, నైరుతి చైనాలోని యునాన్ రబ్బరు తోటల్లో 1979లో ముగిసే నీ ప్రేమ నవల రాతప్రతి పూర్తిగా చదివాను. భాష శుభ్రంగా ఉంది, చదివించే గుణం ఉంది. ఆ మాట అంతటితో ఉంచుతాను. ఇంత పొడుగు ఉత్తరం రాయడానికి కారణం మూడో అధ్యాయంలో నువ్వు ఒకే వాక్యంలో దాటేసిన ఒక సంగతి. పట్నం పిల్లలను పనిచేయడానికి పల్లెలకు పంపేముందు బడిలో ఇచ్చిన ఫారం నింపుతూ నీ కథానాయకుడు ‘కుటుంబ మూలం’ అన్న గడి దగ్గర కలం ఆపుతాడు. పక్క బెంచీలో నాయిక తన గడిలో ‘కార్మిక’ అని గబగబా రాసేయడం చూస్తాడు. అంతే రాశావు. ఆ వెంటనే వెన్నెల, సరస్సు, వెదురు పొదలు, వేణునాదం వచ్చేశాయి. ఆ వాక్యం చదివి నేను చాలాసేపు కాగితం తిప్పలేకపోయాను. తిప్పాక ఎదురైన వెన్నెల మీద నాకు నిజంగా కోపం వచ్చింది. నీ నవల ఆ గడిలో ఉంది తల్లీ, సరస్సు ఒడ్డున లేదు.

ఆ గడి వెనక ఏముందో నీకు తెలిసే ఉంటుంది, కానీ తెలిసినట్టు రాయలేదు. 1950 భూసంస్కరణ చట్టం తరువాత చైనా పల్లెల్లో ప్రతి కుటుంబానికీ ఒక వర్గ ముద్ర వేశారు: భూస్వామి, ధనిక రైతు, మధ్య రైతు, పేద రైతు, కూలీ. 1949 విప్లవానికి ముందున్న ఆస్తిపాస్తులను బట్టి పడిన ముద్ర అది. భూమి పోయింది గాని ముద్ర పోలేదు. తండ్రి నుంచి పిల్లలకు, ఆ పిల్లల నుంచి వాళ్ల పిల్లలకు దిగింది. నీ నాయకుడికి 1968లో పద్దెనిమిదేళ్లు అన్నావు. అంటే అతనికి ఊహ తెలియకముందే తాతగారి పొలాలు ఊళ్లో పంచేశారు. సొంతమని చెప్పుకోవడానికి ఒక్క సెంటు భూమి ఎరగని ఆ కుర్రవాడు అయినా భూస్వామి మనవడే. నువ్వేమో అతనికి పట్టు చొక్కా తొడిగి, మన సినిమాల్లోని జమీందారు బిడ్డను చేశావు. కలవారింటి అబ్బాయి, లేనింటి అమ్మాయి అన్న పాత మూసను ఎత్తుకెళ్లి బీజింగ్‌లో దించావు. అక్కడ ఆ లెక్క తలకిందులైంది: అతుకుల కోటు వేసుకున్నది అతను, తలెత్తుకుని నడిచే పుట్టుక ఆమెది.

ఇదే పొరపాటు రెండో అధ్యాయంలోనూ ఉంది. 1966 ఆగస్టు 18న తియానన్మెన్ మైదానంలో మావో తన పేరిట కదిలిన విద్యార్థి దళాల, అంటే రెడ్‌గార్డుల, ముందుకు వచ్చిన రోజున నీ నాయకుడి చేతికి ఎర్ర పట్టీ కట్టి నిలబెట్టావు. ఆ వేసవిలో ఆ పట్టీ దక్కాలంటే కార్మికుల, పేద రైతుల, విప్లవ కార్యకర్తల, సైనికుల, అమరవీరుల బిడ్డలై ఉండాలి. తండ్రి వీరుడైతే కొడుకు ధీరుడు, తండ్రి ప్రగతి నిరోధకుడైతే కొడుకు నీచుడు అనే అర్థం వచ్చే జంట పంక్తులు అప్పుడు బీజింగ్ బడుల్లో మారుమోగుతున్నాయి. నీ నాయకుడు ఆ రోజు మైదానంలో ఉండడు; ఖాళీ తరగతి గదిలో ఉంటాడు. పట్టీ ఉన్నది నాయిక చేతికి. ఆమె మైదానం నుంచి బొంగురు గొంతుతో తిరిగివచ్చి, ఆ గది గుమ్మంలో నిలబడి, లోపలికి రావాలా వద్దా అని ఆలోచించే క్షణంలో మీ ఇద్దరి కథ మొదలు కావాలి. ‘మీ ఇద్దరి’ అని రాశాను, కొట్టివేయడం లేదు. ఆ పిల్లలు అంతగా నీవాళ్లు కావాలి.

యూ లువోకె సంగతి నీ నవలలో ఎక్కడా లేకపోవడం నాకు బాధ కలిగించింది. తల్లిదండ్రుల మీద మితవాదులనే ముద్ర పడినందువల్ల ఎంత చదువు ఉన్నా విశ్వవిద్యాలయంలో అడుగు పెట్టలేకపోయిన యువకుడు అతను. పుట్టుకను బట్టి మనిషిని తూచడం అన్యాయమని వాదిస్తూ అతను రాసిన వ్యాసం 1967 జనవరిలో బడిపిల్లలు నడిపిన ఒక చిన్న పత్రికలో అచ్చయింది. 1968లో అరెస్టు చేశారు. 1970 మార్చి 5న మరణశిక్ష అమలు చేశారు. అప్పటికి అతనికి ఇరవైయేడేళ్లు. నీ నాయకుడి లాంటి పిల్లలు ఆ పత్రికను చేతులు మార్చుకుంటూ చదివారు. అతని జేబులో ఆ కాగితం మడత పెట్టి ఉంచు. నాయిక దాన్ని చూడనీ. ప్రేమలేఖ కంటే ప్రమాదకరమైన కాగితం ఒకరి దగ్గర ఉందని మరొకరికి తెలియడం కంటే గాఢమైన సాన్నిహిత్యం ఆ రోజుల్లో ఇంకొకటి లేదు.

ఇక్కడ నా నమ్మకం ఒకటి గట్టిగా చెప్పాలి. ఇలాంటి కాలాల ప్రేమకథకు ప్రతినాయకుడు అక్కర్లేదు. తోటలో ఈ పిల్లల పని దళానికి పెద్ద అయిన నీ బ్రిగేడ్ నాయకుడు తాగుబోతు, కామాంధుడు, లంచగొండి. చివరికి కొండచరియ విరిగిపడి చస్తాడు. అలాంటివాళ్లు లేరని నేననను. పల్లెలకు పంపిన ఆడపిల్లల మీద జరిగిన అత్యాచారాలపై 1973లో విచారణలు జరిగి, కొందరు అధికారులకు మరణశిక్షలు కూడా పడ్డాయి. కానీ అతన్ని చంపగానే కథలో కష్టం తీరిపోయినట్టయింది. పాఠకుడు ఊపిరి పీల్చుకున్నాడు. ఊపిరి పీల్చుకోనివ్వకూడదు. బ్రిగేడ్ నాయకుణ్ని మంచివాణ్ని చెయ్యి. ఈ జంట అంటే అభిమానం ఉన్నవాణ్ని, వాళ్లకు రహస్యంగా చక్కెర పొట్లం ఇచ్చేవాణ్ని చెయ్యి. ఆ తరువాత అతని చేతే పెళ్లికి అనుమతి పత్రం ఇవ్వలేనని చెప్పించు. పనిచేసే సంస్థ నుంచి పత్రం లేనిదే పెళ్లి నమోదు కాని దేశం అది. ఆ నిబంధన 2003 దాకా ఉంది. ప్రతి మనిషి వెనకా ఒక దస్త్రం నడిచేది, దాన్ని ఆ మనిషి మాత్రం తెరిచి చూడకూడదు. నాయికను 1970 తరువాత మొదలైన సిఫార్సు పద్ధతిలో విశ్వవిద్యాలయానికి పంపాలనుకుంటే, మొదట ఆమె సంబంధాలను విచారిస్తారు. భూస్వామి మనవణ్ని పెళ్లాడితే ఆ చదువు పోతుంది, రేపు పుట్టే బిడ్డ గడిలోకి కూడా ఆ మాట ఎక్కుతుంది. ఎవరూ చెడ్డవాళ్లు కాకుండానే ఇద్దరు మనుషులు విడిపోయారు. అది రాయి.

ఈ మాట పుస్తకాలు చదివి చెప్పడం లేదు. నేను తాలూకా కచేరీలో గుమాస్తాగా చాలా ఏళ్లు పనిచేశాను. ధ్రువపత్రం కోసం వచ్చి, తండ్రి పేరు, కులం చెప్పేటప్పుడు గొంతు తగ్గించిన పిల్లలను రోజూ చూశాను. (అలాగని కులాన్నీ చైనా వర్గ ముద్రనూ ఒకటిగా చూపించకు. ఆ ముద్ర ఒక చట్టం తరువాత పుట్టింది, ఒక ఉత్తర్వుతో పోయింది. మన సంగతి అది కాదు.) ఆ కచేరీ బల్ల ముందు నిలబడిన ఒక జంట మీద కథ రాసి, మంచి పేరున్న ఒక వారపత్రికకు పంపితే, ప్రేమకథలో ఇన్ని దరఖాస్తులు ఎందుకని సంపాదకుడు తిప్పి పంపాడు. అదే కథను ఒక ఉద్యమ పత్రికకు పంపాను. శ్రీకాకుళం కొండల్లో పోరాటం సాగుతున్న రోజులవి. చైనా నుంచి వచ్చే బొమ్మల పత్రికల్లో, పంటచేలలో నవ్వుతున్న పట్నం పిల్లలను మేమంతా కళ్లార్పకుండా చూసేవాళ్లం. ఆ సంపాదకుడు ప్రేమ మధ్యతరగతి జాడ్యమని ఒక్క ముక్క రాసి పంపాడు. ఒకరికి కాగితం అక్కర్లేదు, ఒకరికి ప్రేమ అక్కర్లేదు. ఇద్దరికీ నేను ఈనాటికీ లొంగలేదు. ప్రేమ చిన్న విషయమైతే, జాంగ్ యాంగ్ అనే యువకుడు రాసిన ప్రేమ నవలను అచ్చు కాకుండానే దేశమంతా చేతులతో నకలు రాసుకుని ఎందుకు చదివింది? 1975లో అతన్ని ఎందుకు జైల్లో పెట్టారు? 1979లో విడుదలయ్యాకనే ఆ పుస్తకం అచ్చులోకి వచ్చింది. జనం రాత్రుళ్లు లాంతరు కింద కూర్చుని నకలు రాసుకున్నది వెన్నెల కోసం కాదు.

ప్రతి అధ్యాయం నెత్తిన ‘చైనా సామెత’ అంటూ ఒక వాక్యం తగిలించడం ఎక్కడ నేర్చుకున్నావో నాకు తెలుసు. పోటీలకు వచ్చే కథలన్నిటికీ ఇప్పుడు ఇదే జబ్బు, దానికి బహుమతులిచ్చి పెంచుతున్నది న్యాయనిర్ణేతలే. అవన్నీ తీసెయ్యి. అలాగే పెళ్లయ్యాక నాయిక ఇంటిపేరు మార్చేశావు. అక్కడ ఆడవాళ్లు పెళ్లితో పుట్టింటి పేరు వదులుకోరు.

ఇక ముగింపు. నాయకుణ్ని లాన్‌త్సాంగ్ నదిలో దూకించావు. వద్దు, అతన్ని బతకనివ్వు. బతకడంలోనే నీ కథకు అసలు బరువు ఉంది. 1968 డిసెంబరులో మావో పిలుపు వెలువడినప్పటి నుంచి పల్లెలకు వెళ్లినవాళ్లు సుమారు 1 కోటి 70 లక్షల మంది. అందులో చాలామంది పదేళ్లకు తిరిగి వచ్చారు, కొందరు రాలేకపోయారు. నాయికను చదువుకు పంపించెయ్యి. అతని చేత అక్కడి దాయ్ జాతి అమ్మాయిని పెళ్లి చేయించు. ఆమెను కూడా ప్రేమించనీ. వాళ్లకొక బిడ్డ పుట్టనీ. ఇప్పుడు చూడు: ఆ బిడ్డకు వర్గ ముద్ర తండ్రి నుంచి వస్తుంది, ‘హుకౌ’ అనే నివాస నమోదు తల్లి నుంచి వస్తుంది. అంటే తండ్రి వైపు భూస్వామి, తల్లి వైపు పల్లె. పట్నంలో బియ్యం కూపన్లకు కూడా నోచుకోని బిడ్డ. 1979 జనవరిలో భూస్వాముల, ధనిక రైతుల ముద్రలు తొలగించాలని కేంద్ర కమిటీ నిర్ణయించింది. కొన్నేళ్ల కింద నాయికను తన నుంచి విడదీసిన ఆ మాట ఒక్క ఉత్తర్వుతో పోయింది. సరిగ్గా అదే శీతాకాలంలో యునాన్ తోటల నుంచి పట్నం పిల్లలను తిరిగి వెళ్లనిస్తున్నారు. కానీ అక్కడివాళ్లను పెళ్లాడినవాళ్లకు ఆ దారి మూసి ఉంది. వెళ్లడం కోసం ఎందరో విడాకులు తీసుకున్నారు, పిల్లలను వదిలి వెళ్లారు. తల్లి నుంచే హుకౌ రావాలన్న పద్ధతి 1998 దాకా సడలలేదు. అతని ముందు బల్ల మీద విడాకుల దరఖాస్తు పెట్టి, బీజింగ్ నుంచి నాయిక రాసిన ఉత్తరాన్ని జేబులో పెట్టి, బిడ్డను అతని ఒళ్లో కూర్చోబెట్టి అప్పుడు రాయి.

పుస్తకం ఎవరు వేస్తారు, కలం పేరు పెట్టుకోవాలా వంటి ప్రశ్నలకు ఇప్పుడు జవాబు రాయను. రాతప్రతిని పోస్టులో తిరిగి పంపుతున్నాను. అంచుల్లో పెన్సిలు గుర్తులున్నాయి. మూడో అధ్యాయమూ చివరి అధ్యాయమూ ముందు తిరగరాసి పంపు, మిగిలినవి వాటిని బట్టి చూద్దాం. కాగితానికి ఒకవైపే, కాస్త పెద్ద అక్షరాలతో రాయి.

శుభాకాంక్షలతో,
మీ మాస్టారు