తప్పు జవాబుల్లోనే ఉంది నవ్వంతా

తెర మీద బాణం గుర్తుతో చూపించి నొక్కి ఆడే పాత పాయింట్ అండ్ క్లిక్ కామెడీ ఆటల్ని టీవీ దగ్గర కన్సోల్ మీద మళ్లీ ఆడటం గురించి, ఆడించడం గురించి ఈసారి బోలెడు ఉత్తరాలు వచ్చాయి. ఒకే సంగతి అడిగినవాటిని కలిపేశాను. కొన్నిటికి జవాబు పొడుగైంది, ఏం అనుకోకండి, నాకు ఇష్టమైన విషయం.

ప్రశ్న: మా పాప "నువ్వు చిన్నప్పుడు ఆడిన ఆట చూపించు నాన్నా" అంటే కన్సోల్ మీద ది సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలాండ్ పెట్టాను. బాణం గుర్తుని కంట్రోలర్‌తో ఆ మూల నుంచి ఈ మూలకి ఈడ్చేసరికి పాప కంటే ముందు నాకే విసుగొచ్చింది. మౌస్ కోసం పుట్టిన ఆటల్ని కన్సోల్‌కి తేవడమే తప్పంటారా?

జవాబు: తప్పు కాదండీ. అసలు ఇవి మౌస్ కోసమే పుట్టాయన్న మాట సగమే నిజం. ఈ వరసకంతటికీ పెద్దన్న లాంటి మేనియాక్ మ్యాన్షన్ 1987లో కమడోర్ 64 మీద వచ్చినప్పుడు బాణాన్ని జరిపింది జాయ్‌స్టిక్‌తోనే. 1990లో అదే ఆట నింటెండో ఎన్‌ఈఎస్ మీదకీ వచ్చింది. అంటే ఈ తంటా ముప్ఫయ్యేళ్ల పైమాటే, దానికి మందు కూడా మెల్లమెల్లగా దొరికింది.

మీరు ఆడింది కొత్త బొమ్మలతో, గొంతులతో 2009లో వచ్చిన స్పెషల్ ఎడిషన్ అయి ఉంటుంది. అందులో కంట్రోలర్ కూడా మౌస్‌లాగే బాణాన్ని తోస్తుంది, మీకు విసుగు పుట్టించింది ఆ ఈడ్పే. మరుసటి ఏడాది రెండో భాగానికి స్పెషల్ ఎడిషన్ చేసినప్పుడు స్టిక్ ఎటు తోస్తే హీరో గైబ్రష్ అటు నడిచే పద్ధతి పెట్టారు. 2022లో వచ్చిన రిటర్న్ టు మంకీ ఐలాండ్ ఇంకో అడుగు ముందుకేసింది. హీరోని నడిపించుకుంటూ వెళ్తాం, చుట్టుపక్కల చూడదగ్గ వస్తువుల మధ్య బటన్‌తో గెంతుతూ పోతాం. అంతకన్నా నాకు నచ్చింది ఇంకోటుంది. పాత ఆటల్లో అడుగున "చూడు, తియ్యి, తొయ్యి, మాట్లాడు" అని క్రియల పట్టిక ఉండేది కదా, దాన్ని తీసేసి, ఒక వస్తువు దగ్గరికి వెళ్లగానే దాని గురించి గైబ్రష్ మనసులో ఏమనుకుంటున్నాడో అదే చిన్న వాక్యంగా చూపిస్తారు. బటన్ నొక్కకముందే ఒకసారి నవ్వొస్తుంది. కంట్రోలర్‌కి సులువయ్యేలా చేసిన మార్పు కామెడీకి కూడా పనికొచ్చింది, ఇలా రెండూ కలిసిరావడం అరుదు.

అయితే ఇలా వస్తువుల మధ్య గెంతే పద్ధతికి ఒక జాగ్రత్త కావాలి. పనికొచ్చే వస్తువులే వెలిగి, మిగతా బొమ్మంతా చచ్చుగా ఉంటే ఆడేవాళ్లు ఆ నాలుగింటినీ నొక్కేసి పక్క గదికి వెళ్లిపోతారు. మొదటి మంకీ ఐలాండ్‌లో మధ్యలో కప్పీ బిగించిన రబ్బరు కోడి ఒకటి దొరుకుతుంది. అది చేతికొచ్చాక ఎవరైనా ఏం చేస్తారు? కనబడిన ప్రతి మనిషి మీదా, ప్రతి తలుపు మీదా దాన్ని ప్రయోగించి చూస్తారు. దాని అసలు పని ఒక్కటే, తీగకి తగిలించి పక్కనున్న చిన్న దీవికి చేరడం. కానీ ఆ పని తెలిసేలోపు చేసే పిచ్చి ప్రయత్నాలుంటాయే, ఈ ఆటలో మజా అంతా వాటిలోనే ఉంది. కన్సోల్‌కి తెచ్చేవాళ్లు కాపాడాల్సింది వాటినే, ముందు తప్పు చెయ్యడానికి దారి తెరిచి పెట్టాలి.

మీ పాప విషయానికొస్తే, కంట్రోలర్ మీరు పట్టుకుని ఏం చెయ్యాలో తనని చెప్పమనండి. పిల్లలు చెప్పే తప్పులు మన తప్పుల కంటే బాగుంటాయి.

ప్రశ్న: ఒక్కచోట గంటసేపు ఇరుక్కుపోయాను. సూచన చూస్తే మోసం చేసినట్టా?

జవాబు: కానే కాదు, కాకపోతే ఎలా చూస్తారన్నది ముఖ్యం. రిటర్న్ టు మంకీ ఐలాండ్‌లో సూచనల పుస్తకం ఆటలోనే ఒక వస్తువుగా ఉంటుంది. మొదట చూచాయగా చెప్తుంది, ఇంకా కావాలంటే కొంచెం ఎక్కువ, చివరికి మొత్తం. ఇంటర్నెట్‌లో పూర్తి పరిష్కారం తెరిస్తే ఆ మెట్లేమీ ఉండవు, ఒకేసారి అడుగుకి జారిపోతాం. నేను డే ఆఫ్ ది టెంటకిల్ అనే ఆటని మొదటిసారి అలాగే పాడుచేసుకున్నాను, ఇప్పటికీ బాధే.

అందులో ఒక చిక్కు చెప్తాను (ఇంకా ఆడనివాళ్లు ఈ పేరా వదిలేయండి). ముగ్గురు స్నేహితులు మూడు కాలాల్లో ఇరుక్కుంటారు, ఒకరు ఇప్పటి కాలంలో, ఒకరు 200 ఏళ్ల వెనకటి కాలంలో, ఒకరు 200 ఏళ్ల తర్వాతి కాలంలో. భవిష్యత్తులో ఉన్న లవర్న్‌కి కరెంటు కావాలి, దానికి చక్రంలో పరిగెత్తే హామ్‌స్టర్ (ఎలుకలాంటి పెంపుడు జంతువు) కావాలి. అందుకని ఇప్పటి కాలంలో హామ్‌స్టర్‌ని మంచులో పెట్టేస్తే 200 ఏళ్ల తర్వాత గడ్డకట్టి దొరుకుతుంది. మైక్రోవేవ్‌లో వేడిచేస్తే లేస్తుంది గానీ చలికి వణుకుతుంది, స్వెటర్ కావాలి. మనుషుల స్వెటర్ దానికెలా సరిపోతుంది? బట్టలారబెట్టే మెషీన్‌లో చిల్లర పోసి 200 ఏళ్లు ఆగకుండా తిప్పితే అది హామ్‌స్టర్ సైజుకి కుంచించుకుపోతుంది! ఇది మనంతట మనకి తట్టినప్పుడు సోఫాలోంచి లేచి నిలబడతాం. పరిష్కారం చదివి చేస్తే నాలుగు బటన్లు నొక్కినట్టుంటుంది, అంతే. కాబట్టి సూచన చూడండి, కానీ ఒక్క మెట్టే దిగండి.

ప్రశ్న: మేం ముగ్గురం ప్రోగ్రామర్లం. 1990ల్లో వచ్చిన ఒక కామెడీ అడ్వెంచర్‌ని కన్సోల్‌కి తేవాలని రెండేళ్లుగా అనుకుంటున్నాం. స్కమ్‌వీఎమ్ ఉంది కదా, అందులో పెట్టి అమ్మేయొచ్చని మాలో ఒకడంటాడు. సాధ్యమేనా?

జవాబు: ఆ మిత్రుణ్ణి కాసేపు ఆగమనండి. స్కమ్‌వీఎమ్ 2001లో మొదలైన ప్రాజెక్టు. పాత ఆటని నడిపిన ఇంజిన్‌ని, అంటే దాని వెనకున్న ప్రోగ్రామ్‌ని, కొత్తగా రాసి, అసలు ఆట ఫైళ్లని దాంతో చదివిస్తుంది. సొంతంగా ఆడుకోవడానికి దాన్ని మించింది లేదు. మరి అమ్మాలంటే? దాని లైసెన్స్ జీపీఎల్, అంటే దాన్ని కలిపి ఏది పంచినా సోర్స్ కోడ్ కూడా ఇవ్వాలి. కన్సోల్ కంపెనీలు తమ డెవలప్‌మెంట్ కిట్‌ని రహస్యంగా ఉంచుతామని మన చేత సంతకం పెట్టించుకుంటాయి. ఈ రెండూ ఒకే ఒరలో ఇమడవు. నింటెండో వీ మీద వచ్చిన కొన్ని పిల్లల ఆటల్లో స్కమ్‌వీఎమ్ కోడ్ చెప్పకుండా వాడారని తేలి, 2009లో రాజీ దాకా వెళ్లిన సంగతి ఉండనే ఉంది. మీ ఇంజిన్ మీరే రాసుకోండి, ముగ్గురున్నారు కాబట్టి అది అందని పనేమీ కాదు.

అంతకంటే ముందు హక్కులెవరివో తేల్చుకోండి. ఇందులో చాలా కలలు ఆగిపోతాయి, అందుకే గట్టిగా చెప్తున్నాను. కంపెనీలు చేతులు మారతాయి. మనం చెప్పుకుంటున్న ఈ ఆటలు చేసిన లూకాస్‌ఆర్ట్స్‌నే చూడండి, 2012లో డిస్నీ కొనేసింది, 2013లో అక్కడ ఆటల తయారీ ఆగింది. గ్రిమ్ ఫాండాంగోని మళ్లీ తేవాలనుకున్నప్పుడు, దాన్ని 1998లో తీసిన టిమ్ షేఫర్ కూడా తను చేసిన ఆట కోసం హక్కులున్నవాళ్ల దగ్గరికే వెళ్లాల్సి వచ్చింది. హక్కులొచ్చాక పాత ఫైళ్ల వేట. అప్పటి బ్యాకప్ టేపులు వెతికి, వాటిని చదివే యంత్రాలు వెతికి, ఆ తర్వాతే పని మొదలైంది. 2015లో రీమాస్టర్ వచ్చేసరికి సంగీతాన్ని మెల్‌బోర్న్ సింఫనీ ఆర్కెస్ట్రాతో మళ్లీ వాయించారు. అసలు ఆటకి మౌసే లేదు, కీబోర్డుతో హీరోని ట్యాంకులా తిప్పాలి. ఒక అభిమాని సొంతంగా మౌస్ పద్ధతి తయారుచేసి పెట్టుకుంటే, స్టూడియో అతన్ని పిలిచి ఆ పనిని రీమాస్టర్‌లోకి తీసుకుంది. మీరు రెండేళ్లుగా ఇష్టంతో అనుకుంటున్న పని కూడా అలాంటిదే అనుకుంటున్నాను, ఆడగలిగే ఒక్క గది తయారుచేసుకుని హక్కుదారులకి చూపించండి. వంద పేజీల ప్రతిపాదన కంటే ఆ గదే మీ తరఫున మాట్లాడుతుంది.

ఒక చిన్న విషయం, కానీ దాని దగ్గరే ఆటలు చాలా దెబ్బతింటాయి. స్కమ్ అనే ఇంజిన్ మీద నడిచిన ఈ పాత ఆటల్లో చుక్క కీ నొక్కితే ఒక్క డైలాగు దాటేది, ఎస్కేప్ నొక్కితే సీన్ మొత్తం దాటేది. కంట్రోలర్ మీద ఈ రెండింటినీ పక్కపక్క బటన్లకి ఇవ్వకండి. చదవడం అయిపోయి తర్వాతి మాట కోసం నొక్కినవాడికి సీన్ మొత్తం ఎగిరిపోతే, జోక్ చెప్పేవాడి నోరు మధ్యలో మూసినట్టే. సీన్ దాటడానికి బటన్‌ని కాసేపు పట్టుకుని ఉంచేలా పెట్టండి.

ప్రశ్న: పాత బొమ్మలా, కొత్త బొమ్మలా? ఇంట్లో రోజూ గొడవ.

జవాబు: స్పెషల్ ఎడిషన్లలో ఆట మధ్యలోనే ఒక్క బటన్‌తో అటూ ఇటూ మారొచ్చు కదా, గొడవెందుకు! నా ఓటు పాతవాటికే. ఎందుకంటే అక్కడ మాట చదివే వేగం మన చేతిలో ఉంటుంది, గొంతు వచ్చాక నటుడు పలికేదాకా ఆగాలి. మంచి నటుడైతే ఆగడం హాయే, ఆ మాట ఒప్పుకుంటాను.

పాత బొమ్మలు టీవీలో మసకగా, సాగినట్టు ఉన్నాయని కొందరు రాశారు. అసలు బొమ్మ 320 అడ్డం, 200 నిలువు. అప్పటి మానిటర్ దాన్ని కొంచెం నిలువుగా సాగదీసి 4:3 కొలతలో చూపించేది. ఆ కొలత సరిగ్గా రావాలంటే ప్రతి చుక్కనీ అడ్డంగా 5, నిలువుగా 6 రెట్లు చెయ్యాలి, అంటే 1600కి 1200. మామూలు హెచ్‌డీ టీవీలో 1080 గీతలే కాబట్టి అది పట్టదు. పూర్తి తెరకి సాగదీస్తే కొన్ని చుక్కలు లావుగా, కొన్ని సన్నగా పడి, బొమ్మ కదిలినప్పుడు మెరమెరలాడతాయి. 4కే టీవీలో నిక్షేపంగా పడుతుంది. సెట్టింగుల్లో 16:9కి సాగదీసే ఆప్షన్ ఉంటే మాత్రం ఆపేయండి, మనుషులు గుమ్మటాల్లా కనిపిస్తారు.

ప్రశ్న: ఈ ఆటలు తెలుగులో వస్తే ఎంత బాగుంటుంది! జోకులు తెలుగులో పేలతాయా?

జవాబు: కొన్ని అద్భుతంగా పేలతాయి. మంకీ ఐలాండ్‌లో కత్తియుద్ధం గెలిచేది తిట్లతో. "పాడిరైతులా కత్తి తిప్పుతున్నావురా" అని ఒకడంటే "సరిపోయింది, నువ్వు ఆవులా తిప్పుతున్నావు" అన్నది సరైన జవాబు. తర్వాత కత్తిసాములో ఆరితేరిన ఆవిడతో తలపడినప్పుడు ఆవిడ తిట్లు వేరు, మన జవాబులు మాత్రం పాతవే. ఆవిడేమో "నీ ఒంట్లో రక్తం బొట్టు మిగలకుండా పితికేస్తా" అంటుంది. అదే ఆవు జవాబు ఇక్కడా అతకాలి. అనువాదకులకి ఇది కత్తిమీద సామే, ఒక్క జవాబు రెండు తిట్లకీ సరిపోవాలి. పితకడం అన్న మాట మనకి ఎంత చక్కగా కుదిరిందో చూడండి! తిట్టుకి తిట్టు అందించడం తెలుగువాళ్లకి ఒకరు నేర్పాలా.

కొన్ని ససేమిరా రావు. రెండో భాగంలో ఒక నీటి పంపుని తిప్పడానికి పానా కావాలి, అమెరికా ఇంగ్లీషులో ఒక రకం పానాని మంకీ రెంచ్ అంటారు కాబట్టి కోతిని పట్టుకొచ్చి దాంతో తిప్పాలి. ఆ మాట వాడుకలో లేని చోట ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లే తలలు పట్టుకున్నారు. మాట మీద ఆడిన ఆటని మాటకి మాట దించితే కుదరదు. ముందే ఎవరో ఒక పాత్ర చేత "దీనికి కోతిపట్టు పట్టాలయ్యా" అని ఒక మాట అనిపిస్తే మనవాళ్లకి దారి దొరుకుతుందేమో.

అక్షరాల పని వేరే ఉంది. పాత ఇంజిన్ ఒక్కో అక్షరాన్ని ఒక చిన్న గడిలో గీసి పక్కపక్కన పేరుస్తుంది. మన గుణింతాలూ వత్తులూ అలా పేర్చితే కుదరవు, "స్త్రీ" ఒక్కటి రాసి చూడండి. పైనా కిందా చోటు కావాలి, అక్షరాలు కలిపి గీసే వ్యవస్థ కొత్తగా రాయాలి. ఇంజిన్ ఎలాగూ రాయబోతున్న పై ముగ్గురూ దయచేసి దీన్ని మొదటిరోజే ఆలోచించండి, చివర్లో అతికించే పని కాదిది.

ప్రశ్న: ఈ ఆటల్లో తప్పు చేస్తే చచ్చిపోతామా? మా అమ్మమ్మ ఆడతానంటోంది, టెన్షన్ పెట్టకూడదు.

జవాబు: మంకీ ఐలాండ్ అయితే నిశ్చింతగా ఇచ్చేయండి. అప్పట్లో చాలా అడ్వెంచర్ ఆటలు అడుగు తప్పితే చంపేసేవి, ఆ పద్ధతి వద్దని దాని రూపకర్త రాన్ గిల్బర్ట్ 1989లో ఒక వ్యాసమే రాశారు. హీరో నీళ్లలో మునిగినా పది నిమిషాలు ఊపిరి బిగబట్టగలడు. ఆ పది నిమిషాలూ ఏమీ చెయ్యకుండా కూర్చుంటే తప్ప చావడు. భయం లేదు కాబట్టే ఎవరైనా ధైర్యంగా తప్పులు చేస్తారు. అక్షరాల సైజు పెంచే వీలుందేమో మాత్రం ముందు సెట్టింగుల్లో చూడండి.

ప్రశ్న: ఒక్కటే కొనాలంటే ఏది?

జవాబు: డే ఆఫ్ ది టెంటకిల్ రీమాస్టర్డ్, 2016లో వచ్చింది. ఆట మొదలయ్యాక ఆ ఇంట్లో ఎడ్ గది కోసం వెతకండి, అక్కడ ఒక కంప్యూటర్ ఉంటుంది. దాన్ని వాడి చూడండి. 1987 నాటి మేనియాక్ మ్యాన్షన్ మొత్తం అందులోనే ఉంది.