టెక్సస్ హైస్కూల్లో ఒక్క సబ్జెక్టు తప్పినా మార్చింగ్ బ్యాండ్‌లోంచి తీసేస్తారా?

ప్రశ్న: మా అబ్బాయి ఆగస్టులో తొమ్మిదో తరగతిలోకి వెళ్తున్నాడు. డాలస్ దగ్గర ఉంటాం. మార్చింగ్ బ్యాండ్‌లో చేరతానంటున్నాడు. ఒక్క సబ్జెక్టు తప్పినా తీసేస్తారట, పైగా ప్రవర్తన నియమాలంటూ ఏవో కాగితాల మీద సంతకాలు పెట్టమంటున్నారు. చదువు దెబ్బతినదు కదా? చేర్పించమంటారా?

జవాబు:

చేర్పించండి. ఆ ముక్క ముందే చెప్పేస్తే మిగతాది తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

ఇక తీసెయ్యడం సంగతి. తీసెయ్యరండీ, కూర్చోబెడతారు. ఈ రెండిటికీ తేడా తెలియక మూడేళ్ల క్రితం మా ఇంట్లో నేను చేసిన రభస మా ఆవిడ ఇప్పటికీ చుట్టాలందరికీ చెబుతుంటుంది. అది నేనే చెప్పేస్తే నయం.

మావాడు అప్పుడు పదో తరగతి. ట్రాంబోన్ (గొట్టం ముందుకీ వెనక్కీ జరుపుతూ ఊదే పెద్ద బూర) వాయిస్తాడు. ఇక్కడ పిల్లాడు బ్యాండ్‌లో చేరాడంటే తల్లిదండ్రులు కూడా చేరినట్టే, మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. ఫుట్‌బాల్ ఆట ఉన్న రాత్రి స్టేడియంలో తినుబండారాల కొట్లో మనం నిలబడాలి. ఫీజు వేరే, యూనిఫాం కింద వేసుకునే బట్టలు వేరే, బూట్లు వేరే, మళ్లీ విరాళాల కోసం కుకీ డబ్బాలు ఆఫీసులో మనమే అమ్మాలి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునేవాణ్ని, అక్టోబరు నెల వేడిలో ప్లాస్టిక్ తొడుగులు వేసుకుని నాచోల మీద చీజ్ పోస్తుంటే, పక్కన సోడాలు అందిస్తున్న మన తెలుగాయన చాలా మామూలుగా అన్నాడు: "మీవాడు రేపట్నుంచి లేడటగా?"

లేడంటే? నాకు అర్థం కాలేదు. ఆ వారం ఆట గురువారం పడింది. ఆయన చెప్పుకుపోతున్నాడు: ఆరు వారాల మార్కులు పోయిన శుక్రవారంతో ముగిశాయి, ఏదైనా సబ్జెక్టులో 70 కంటే తక్కువ వస్తే ఏడు రోజుల తర్వాత నుంచి పోటీలకు పనికిరాడు, అంటే రేపు బడి వదిలాక మీవాడు లెక్కలోకి రాడు. ఆయన కూతురు చెప్పిందట. వాళ్లింట్లో భోజనాల దగ్గర మాట్లాడుకున్నారట. ఒక్క మా ఇంట్లోనే తెలీదు.

అంతలో ఆట మధ్యలో విరామం వచ్చింది, బ్యాండ్ మైదానంలోకి వచ్చింది. గడువు ఇంకా ఒక్కరోజుంది కాబట్టి మావాడు కూడా వచ్చాడు, ఏమీ ఎరగనట్టు, టోపీ మీద ఈక ఊపుకుంటూ. నేను కొట్లోంచి చూస్తున్నాను. చీజ్ ఎవరి గిన్నెలో ఎంత పోశానో తెలీదు.

కారెక్కాక అడిగాను. స్పానిష్‌లో 66. మిగతా అన్నిట్లో 90 దాటాయి. మూడు హోంవర్కులు ఇవ్వలేదట, మూడింటికీ సున్నాలు. ఎందుకివ్వలేదురా అంటే "మర్చిపోయా నాన్నా" అన్నాడు. చూడండి, మూడూ మర్చిపోయాడు! "రేపే వెళ్లి ఆ బూర తిరిగిచ్చెయ్. బ్యాండూ లేదు గీండూ లేదు" అన్నాను. ఇల్లు చేరేదాకా ఎవరూ మాట్లాడలేదు. చెప్పులు విప్పుతూ మా ఆవిడ ఒకే మాటంది: "అచ్చం మామయ్యగారు మాట్లాడినట్టే ఉంది."

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. మాది తెనాలి దగ్గర పల్లె, జిల్లా పరిషత్ హైస్కూలు. పదో తరగతిలో వాలీబాల్ జట్టులో ఉండేవాణ్ని. గ్రిగ్ పోటీలకు తయారవుతున్నాం, డ్రిల్లు మాస్టారు నన్ను నెట్ దగ్గర నిలబెట్టారు. అప్పుడే క్వార్టర్లీలో లెక్కలకి 31 వచ్చాయి. పాసు మార్కు 35. మా నాన్న గ్రౌండుకి సైకిలు మీదొచ్చి, అందరి ముందూ చెవి పట్టుకుని ఇంటికి తీసుకెళ్లారు. తర్వాత మళ్లీ నేను బంతి ముట్టుకోలేదు. హాఫియర్లీలో లెక్కలకి ఎన్నొచ్చాయంటే, 29. ఆటలు మాన్పిస్తే మార్కులు పెరుగుతాయా అని ఎవరైనా అడిగితే నా దగ్గరున్న లెక్క ఇదొక్కటే. నాకు ఇది చాలు.

అయినా ఆ రాత్రి బుద్ధి రాలేదు. పన్నెండింటికి లేచి స్పానిష్ టీచరమ్మకి పెద్ద ఈమెయిల్ రాశాను. మావాడు చాలా మంచివాడు, ఆ మూడు హోంవర్కులూ ఇప్పుడిస్తాడు, తీసుకుని మార్కు సరిచేయండి అని. పొద్దున్నే రెండు వాక్యాల జవాబొచ్చింది. గడువు అందరికీ ఒకటేనట. మావాడి ఒక్కడికీ మారిస్తే మిగతావాళ్లకి ఏం చెప్పాలి అని అడిగింది. నిజానికి ఈ రాష్ట్రంలో టీచరు వేసిన మార్కుని ఊరికే మార్చడానికి లేదు. టీచరు ఇష్టారాజ్యంగా వేసిందనో, పొరపాటు జరిగిందనో, స్కూల్ డిస్ట్రిక్టు (ఆ ప్రాంతంలో బడులన్నీ నడిపే సంస్థ) పెట్టుకున్న పద్ధతికి విరుద్ధమనో స్కూల్‌బోర్డు తేల్చాలి. చట్టమే అలా ఉంది. నాకది తెలీక ముందుకెళ్లి పరువు పోగొట్టుకున్నాను. మనవాళ్లలో కొందరు ఇంతటితో ఆగరు, ప్రిన్సిపాల్‌కి ఫోను చేస్తారు, స్కూల్లో సలహాలిచ్చే కౌన్సిలర్ దగ్గర కూర్చుంటారు, పిల్లాడికి ఒంట్లో బాగాలేదని చీటీ తెస్తారు. దయచేసి ఆ పని మాత్రం చెయ్యకండి. పిల్లలు అన్నీ చూస్తుంటారు.

బూర తిరిగివ్వడానికి నేనే తోడు వెళ్లాను. బ్యాండ్ మాస్టారు నా మాటలన్నీ విని, "పోటీకి పనికిరాడు గానీ ప్రాక్టీసుకి ఎందుకు రాడు? రోజూ రావాలి" అన్నాడు. నేను నోరు తెరిచాను. రూలే అంతట. మూడు వారాలు పోటీల్లోనూ ప్రదర్శనల్లోనూ ఉండకూడదు. ప్రాక్టీసు మాత్రం చెయ్యొచ్చు. మూడు వారాలయ్యాక అన్ని సబ్జెక్టుల్లోనూ 70 ఉంటే, ఇంకో ఏడు రోజులకి మళ్లీ అర్హత వస్తుంది. ప్రతి పిల్లాడికీ మైదానంలో ఒక చోటు రాసిపెట్టి ఉంటుంది, దాన్ని వీళ్లు డాట్ అంటారు. ఆ డాట్ దగ్గర రోజూ నిలబడాలి, నడవాలి, వాయించాలి, పోటీ రోజున మాత్రం ఆ చోటు వదిలెయ్యాలి. చెవి పట్టుకుని లాక్కెళ్లడం కంటే ఇది పెద్ద శిక్ష, మీకు తర్వాత అర్థమవుతుంది.

అక్టోబరు మధ్యలో రీజియన్ పోటీ. మావాడు మాతోపాటే మెట్ల మీద కూర్చున్నాడు, బ్యాండ్ టీషర్టులో. మా బ్యాండ్ వచ్చింది. ట్రాంబోన్ల వరస వంపు తిరిగినప్పుడు మధ్యలో ఖాళీ కనబడింది. ముందు పన్ను ఊడినట్టు. అంత పెద్ద మైదానంలో, అంతమంది పిల్లల్లో, నాకు ఆ ఖాళీ తప్ప ఇంకేమీ కనబడలేదు. పక్కకి చూస్తే మావాడి కుడిచెయ్యి మోకాలి మీద ముందుకీ వెనక్కీ జరుగుతోంది, స్లైడు లాగుతున్నట్టు. కళ్లు మైదానం మీదే ఉన్నాయి. పాట అయిపోయేదాకా ఆ చెయ్యి ఆగలేదు. మా ఆవిడ కళ్లు తుడుచుకుంది. నేను పాప్‌కార్న్ కొనే వంకతో లేచి వెళ్లాను.

ఆ తర్వాత వాడు ఒక్క హోంవర్కు ఎగ్గొట్టలేదు. నేను ఒక్కసారి కూడా గుర్తు చెయ్యలేదు, నమ్మండి. రీజియన్ తర్వాతి మెట్టయిన ఏరియా పోటీ నాటికి ఆ ఖాళీలో వాడే నిలబడ్డాడు.

ఈ రూలు ఎక్కడిదో తెలుసుకుంటే మీకు భయం కొంత తగ్గుతుంది. 1984లో టెక్సస్ పెద్ద విద్యా చట్టమొకటి చేసింది, హౌస్ బిల్ 72. తర్వాత 1992లో దేశాధ్యక్ష పదవికి పోటీ చేసిన డాలస్ కుబేరుడు రాస్ పెరో ఉన్నాడే, ఆయన అధ్యక్షతన వేసిన కమిటీ దాని వెనకుంది. పాసైతేనే ఆట, అదీ సూత్రం. ఫుట్‌బాల్‌ని దేవుడిలా కొలిచే రాష్ట్రంలో ఆ మాటన్నందుకు కోచ్‌లు అగ్గిమీద గుగ్గిలమయ్యారు, కొందరు తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. 1985లో రాష్ట్ర సుప్రీంకోర్టు రూలునే నిలబెట్టింది. చట్టం మీద సంతకం పెట్టిన గవర్నర్ మార్క్ వైట్ 1986 ఎన్నికల్లో ఓడిపోయాడు. ఈ రూలే ఆయన కొంప ముంచిందని ఇక్కడి పాతకాపులు ఇప్పటికీ అంటారు. మొదట్లో ఆరు వారాలు కూర్చోబెట్టేవాళ్లు. 1995లో దాన్ని మూడుకి తగ్గించారు, ప్రాక్టీసుకి రానిచ్చిందీ అప్పుడే. మంచిపని చేశారు. ఆరు వారాలంటే బ్యాండ్ సీజన్ మొత్తం తుడిచిపెట్టుకుపోయినట్టే.

అయితే నాకు మింగుడుపడనిది ఒకటుంది. ఏపీ కోర్సులు (మన ఆంధ్రప్రదేశ్ కాదు లెండి, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సులు), ఇంటర్నేషనల్ బకలారియేట్, డిస్ట్రిక్టు గుర్తించిన ఆనర్స్ కోర్సులు, వీటిలో తప్పినా అర్హత పోకుండా మినహాయింపు ఇవ్వొచ్చు. కష్టమైన కోర్సు తీసుకునే పిల్లలు భయపడకూడదని అలా పెట్టారు. వినడానికి బాగుంది. జరిగేదేంటి? అదే ఏడాది ఏపీ ఫిజిక్స్‌లో 62 వచ్చిన మన తెలుగు పిల్లాడు దర్జాగా కవాతు చేశాడు. సాయంత్రాలు హోటల్లో గిన్నెలు కడిగి ఇంటికి డబ్బిచ్చే ట్యూబా అనే పెద్ద బూర ఊదే పిల్లాడికి మామూలు ఆల్జీబ్రాలో 68 వచ్చింది, మావాడి పక్కన మెట్ల మీద కూర్చున్నాడు. మావాడికి కూర్చోవడం న్యాయమే, బద్ధకించాడు. ఆ పిల్లాడు ఏం బద్ధకించాడు? వాడు తర్వాతి ఏడాది బ్యాండ్‌లో లేడు. మినహాయింపులు ఎప్పుడూ మనలాంటి వాళ్లకే ఎందుకు దొరుకుతాయో మన తెలుగు సంఘాల్లో ఎవరూ మాట్లాడరు, ఏ కోర్సుకి మినహాయింపు ఉందో వాట్సాప్‌లో పంచుకోవడం తప్ప.

ఇక మీరడిగిన సంతకాలు. చదివి పెట్టండి. నేను చదవకుండా పెట్టాను. అందులో బడి లోపలి సంగతులే కాదు, శని ఆదివారాలు, సెలవులు, ఇంటర్నెట్‌లో పెట్టే ఫొటోలు కూడా ఉంటాయి. మా బ్యాండ్‌లో ఒక సెక్షన్ లీడర్‌కి, ఎవరి పుట్టినరోజు పార్టీలోనో వేప్ (ఎలక్ట్రానిక్ సిగరెట్) పట్టుకుని దిగిన ఫొటో వల్ల ఆ పదవి పోయింది. చాలా డిస్ట్రిక్టుల్లో ఇలాంటి కార్యకలాపాల్లో ఉన్నవాళ్లకి చీటీ తీసినట్టు ఎంపికచేసి మత్తుమందుల పరీక్ష కూడా చేస్తారు. బూర ఊదేవాడికి మూత్రపరీక్ష ఏమిటని నేనూ గొణిగాను. ఓక్లహామాలోని టెకంసే అనే ఊరి కేసులో, పోటీ కార్యకలాపాల్లో చేరే పిల్లలందరికీ అలా చెయ్యొచ్చని దేశ సుప్రీంకోర్టు 2002లోనే చెప్పిందట. ఆటగాళ్ల విషయంలో 1995లోనే చెప్పింది.

అలాగని బడికి హద్దు లేకపోలేదు. పెన్సిల్వేనియాలో ఒక అమ్మాయి చీర్‌లీడింగ్ పెద్ద జట్టులో చోటు దక్కలేదన్న ఉక్రోషంతో, సెలవురోజున, బడి బయట ఒక కొట్లో కూర్చుని స్నాప్‌చాట్‌లో బూతు పెట్టింది. బడివాళ్లు చిన్న జట్టులోంచి కూడా ఏడాదిపాటు తీసేశారు. 2021లో సుప్రీంకోర్టు 8-1తో ఆ అమ్మాయి పక్షానే నిలిచింది. ఈ తీర్పు గురించి మీ అబ్బాయికి చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. మావాడికి నేను చెప్పలేదు, వాడే చెప్పాడు.

చదువు దెబ్బతింటుందా అన్నారు. బడి వేళలు కాకుండా ప్రాక్టీసు వారానికి ఎనిమిది గంటలు దాటకూడదని యూఐఎల్ నిబంధన. యూఐఎల్ అంటే ఈ పోటీలన్నీ నడిపే సంస్థ, ఆస్టిన్‌లో ఉంటుంది. ఆటల రాత్రులూ, పోటీల శనివారాలూ ఆ ఎనిమిదిలోకి రావు, కాబట్టి ఆ అంకె చూసి మురిసిపోకండి. నిద్ర తగ్గుతుంది. మార్కులు తగ్గాయా అంటే, మావాడికి ఆ 66 తప్ప ఇంకెప్పుడూ తగ్గలేదు. మా అమ్మాయి ఏ బ్యాండూ లేకుండా ఇంట్లోనే ఉండి కెమిస్ట్రీలో 71 తెచ్చుకుంది, దానికేమంటారు?

ఒకవేళ మీవాడికి కూడా ఎప్పుడైనా 69 వస్తే బూర మాత్రం తిరిగిచ్చెయ్యకండి. ప్రాక్టీసుకి పంపండి, పోటీ రోజున పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. మార్కుల యాప్ మీ ఫోనులో కూడా పెట్టుకోండి, పక్క కొట్టాయన చెప్పేదాకా ఆగకుండా.

బ్యాండ్ క్యాంపు బడి తెరవకముందే మొదలవుతుంది, ఎండ మాడ్చేస్తుంది. నీళ్ల జగ్గు గ్యాలన్‌దే కొనండి. చిన్నది కొంటే రెండోరోజే మళ్లీ కొట్టుకి పరిగెత్తాలి, అప్పటికి అన్నీ అయిపోయి ఒక్క గులాబీ రంగువే మిగులుతాయి.