90 కుటుంబాల క్రైస్తవ సంఘం కోసం కాపరి (పాస్టరు) పేరుపేరునా ప్రార్థించడం కుదిరే పనేనా?

"మా సంఘంలో దాదాపు 90 కుటుంబాలు. ఈ మధ్యే కాపరిగా బాధ్యత తీసుకున్నాను. ఇంతమంది కోసం రోజూ ప్రార్థించడం ఎలా? ఆదివారం ఆరాధనలో అందరినీ కలిపి ప్రార్థిస్తే సరిపోదా?" అని కదా మీ ప్రశ్న.

సరిపోదండి. "ఇక్కడ కూడివచ్చిన నీ బిడ్డలందరినీ దీవించు ప్రభువా" అనడం పైన పేరు రాయకుండా శుభలేఖ పంచడం లాంటిది. అందరికీ అందుతుంది, ఎవరినీ పిలిచినట్టుండదు. బైబిల్లో నిర్గమకాండం 28లో ప్రధాన యాజకుడి వస్త్రాలు చూడండి. భుజాల మీద రెండు రాళ్ళు, ఒక్కోదాని మీద ఇశ్రాయేలు కొడుకుల పేర్లు ఆరేసి, అవీ పుట్టిన వరుసలో. రొమ్ము మీది పతకంలో 12 రాళ్ళు, రాయికో పేరు. "ఇశ్రాయేలు" అని ఒక్కసారి చెక్కించేస్తే చెక్కేవాడికి ఎంత పని తప్పేదో! అయినా దేవుడు పేర్లే చెక్కించాడు.

రోజూ 90 కుటుంబాలు అని మొదలుపెడితే వారం తిరగకుండానే మానేస్తారు. రోజుకు నాలుగు పెట్టుకోండి, ఆదివారం వదిలేయండి. వారానికి 24, నాలుగు వారాల్లోపే సంఘమంతా ఒక చుట్టు పూర్తవుతుంది. కుటుంబానికి ఐదు నిమిషాలనుకుంటే రోజుకు 20 నిమిషాలు. ఆపరేషన్లు, ప్రసవాలు, కొత్తగా మరణం జరిగిన ఇళ్ళు వేరే చీటీ మీద, రోజూ. ఆ చీటీ ఏడు పేర్లు దాటనివ్వొద్దు. రెండు వారాలైన పేరును మళ్ళీ కనుక్కుని ఉంచాలో తీసేయాలో చూడండి. లేకపోతే ఎప్పుడో డిశ్చార్జి అయి ఇంట్లో పచ్చడి మెతుకులు తింటున్న మనిషి మీ చీటీలో ఇంకా ఐసీయూలోనే ఉంటాడు.

200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి చాలు. కుటుంబానికి ఎదురెదురుగా రెండు పేజీలు, మొత్తం 180. ఎడమ పేజీలో ఇంట్లోవాళ్ళందరి పేర్లు, కుడి పేజీలో తేదీ, విన్నపం వాళ్ళ మాటల్లోనే, మళ్ళీ అడిగిన తేదీ, ఏం జరిగింది. మిగిలిన 20 పేజీల పని చివర్లో చెబుతాను. మొదటి చిక్కు పేర్ల దగ్గరే వస్తుంది. "ఫలానా గారి భార్య", "పెద్దబ్బాయి వాళ్ళ అత్తగారు" అని రాసుకుని ఊరుకుంటారు. పదేళ్ళుగా ప్రభువు బల్లలో (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధనలో) పాలుపొందుతున్న స్త్రీ పేరు కాపరికి తెలియని సంఘాలు ఎన్నో! అడిగి రాసుకోండి. గుడికి రాని భర్త పేరు కూడా ఆ పేజీలో ఉండాల్సిందే. పాస్టరమ్మ గారి సాయం లేకుండా ఈ ఎడమ పేజీ నిండదు.

రెండో చిక్కు వరుస. ఎప్పుడూ మొదటి పేజీ నుంచే మొదలుపెడితే ముందున్న కుటుంబాలకు వేడి వేడి ప్రార్థన, చివరివాళ్ళకు ఆవులింతలు దక్కుతాయి. నిన్న ఆగినచోట దారం పెట్టి ఇవాళ అక్కడినుంచే ఎత్తుకోవాలి. ఇంకోటి, చెబితే కోపం రావచ్చు: దశమభాగం (రాబడిలో పదోవంతు కానుక) సరిగ్గా ఇచ్చే ఇంటికి పది నిమిషాలు, చివరి చాప మీద కూర్చునే ముసలమ్మకు అర నిమిషం. గడియారం ముందు పెట్టుకుంటే మీకే తెలుస్తుంది.

విన్నపం ఎవరైనా చెప్పగానే మూడు ముక్కలు అడగండి: మైకులో చెప్పొచ్చా, పెద్దలకు చెప్పొచ్చా, నా దగ్గరే ఉంచనా? పక్కన "మై", "పె", "నా" అని గుర్తు పెట్టుకోండి. అడక్కపోతే ఏమవుతుందంటే, శనివారం రాత్రి ఏడుస్తూ చెప్పుకున్న సంగతి ఆదివారం "ఫలానా సహోదరి కాపురం నిలబెట్టు తండ్రీ" అని ఊరి బాక్సుల్లోంచి వినబడుతుంది. ఆమె మళ్ళీ జన్మలో మీకేమీ చెప్పదు. పుస్తకాన్ని ప్రసంగ వేదిక మీద వదిలేసి టీకి వెళ్ళడమూ అలాంటిదే. తాగుడు, అప్పు, కోర్టు కేసు లాంటివి మీకు మాత్రమే తెలిసే అక్షరంతో రాసుకోండి.

ఏమని ప్రార్థించాలి? ఉద్యోగం, వీసా, సంబంధం కోసం అడగాల్సిందే, అందులో తప్పేం లేదు. అక్కడే ఆగిపోతేనే తప్పు. ఫిలిప్పీ 1:9-11, కొలొస్సయి 1:9-12, ఎఫెసీ 3:14-19 తెరవండి. ఆ పత్రికల్లో అపొస్తలుడైన పౌలు సంఘాల కోసం అడిగినవి తెలివితో కూడిన ప్రేమ, దేవుని చిత్తం ఎరగడం, ఓర్పు, లోపలి మనిషి బలపడడం. వారానికి ఒక భాగం తీసుకుని 24 ఇళ్ళకూ అదే వాడండి. నోట్లో ఊరికే "ప్రభువా, ప్రభువా" అని తిరిగే మాటలు తగ్గిపోతాయి.

ఆసుపత్రిలో మంచం పక్కన రెండు మూడు నిమిషాలు మించొద్దు. మంచం మీద కూర్చోవద్దు, పక్క మంచాల వాళ్ళు అదిరేలా అరవొద్దు. మందులు మానమనడం, "విశ్వాసం చాలలేదు" అనడం కాపరి నోట రాకూడదు. ఆపరేషన్ ఎన్నింటికో కనుక్కుని ఆ వేళకు ప్రార్థించి, సాయంత్రం ఫోన్ చేయండి. వాట్సాప్‌లో రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టేసి మర్చిపోయే సేవకులు ఎక్కువైపోయారు ఈ మధ్య. ప్రార్థన పేరుతో కళ్ళు మూసుకుని ప్రసంగం చేసేవాళ్ళు ఇంకో రకం. "కొందరు ఆలస్యంగా వస్తున్నారు తండ్రీ" అన్నది తండ్రికి చెప్పే మాటేనా? మూడో బెంచీకి కదా!

అసలు నేను చెప్పాలనుకున్నది ఆ చివరి 20 పేజీల గురించి. హాస్టళ్ళలో ఉన్న పిల్లలు, గల్ఫ్ వెళ్ళినవాళ్ళు, రావడం మానేసినవాళ్ళు, గొడవపడి వేరే సంఘానికి పోయినవాళ్ళు అక్కడికి రావాలి. చాలామంది కాపరులు ఆ చివరి రకం పేజీని చింపేస్తారు.

1 సమూయేలు 12 చదవండి. ఇశ్రాయేలును నడిపించిన ప్రవక్త సమూయేలు ముసలివాడయ్యాడు, కొడుకులు లంచాలు తిన్నారు, జనం వచ్చి మాకు రాజు కావాలన్నారు. జీవితమంతా వాళ్ళకోసం తిరిగిన మనిషికి "ఇక నువ్వు చాలు" అన్నట్టే. రాజు వచ్చాక సమూయేలు జనం ముందు నిలబడి, ఎవరి ఎద్దు తీసుకున్నాను, ఎవరి గాడిద తీసుకున్నాను చెప్పండి అని అడిగాడు. ఎవరిదీ తీసుకోలేదన్నారు. గోధుమ కోతల కాలం, అక్కడ చినుకు పడని రోజులు. ఆయన మొరపెడితే ఉరుములు, వాన. జనం వణికిపోయి మాకోసం ప్రార్థించమన్నారు. అప్పుడాయన అన్నది, మీ కోసం ప్రార్థించడం మానితే అది యెహోవాకు విరోధంగా నేను చేసే పాపమని. వాళ్ళు తనని కాదన్నది పాపమా కాదా అన్న లెక్క వేరు. తాను ప్రార్థన మానడం మాత్రం తన ఖాతాలో పాపం.

కాబట్టి వెళ్ళిపోయిన ఇంటి పేజీని వెనక్కి మార్చండి, చింపొద్దు. "వాళ్ళకు బుద్ధి రావాలి" అని ప్రార్థించొద్దు, అది శాపనార్థానికి పక్కింటిది. కుడి పేజీలో వాళ్ళు ఆఖరుగా చెప్పిన విన్నపం ఏముందో అదే అడగండి. "మీకోసం ప్రార్థిస్తున్నాను" అని మెసేజ్ పెట్టొద్దు, దెప్పినట్టుంటుంది. ఏ పెళ్ళిలోనో ఎదురైతే "పాప ఇంటర్ పరీక్షలు ఎలా రాసిందండీ?" అని అడగండి చాలు. వాళ్ళిప్పుడు వెళ్తున్న సంఘ కాపరి పేరు కూడా అదే పేజీలో రాసుకోండి.