క్రిస్మస్ హడావిడిలో దేవుని తోడును గుర్తించడం ఎలా?

ఆఫీసు, ట్రాఫిక్, పిల్లల పరీక్షల మధ్య దేవుడు తోడున్నాడని ఎలా తెలుస్తుందని అడిగారు. జవాబు క్రిస్మస్ కథలోనే ఉంది. బైబిల్లోని మత్తయి 1:23 ప్రకారం యేసుకు చెప్పిన పేరు ఇమ్మానుయేలు, అంటే ‘దేవుడు మనకు తోడు’. లూకా సువార్తలో యేసు పుట్టాడన్న శుభవార్త మొదట అందింది రాత్రివేళ పొలంలో మంద కాస్తున్న గొర్రెల కాపరులకు, అంటే రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లకు. వాళ్లకు చెప్పిన ఆనవాలు పశువుల తొట్టెలో పడుకున్న శిశువు. పల్లెలో పెరిగినవారికి ఆ తొట్టె వాసన ప్రత్యేకంగా చెప్పాలా!

చెన్నైలో డిసెంబరంటే వానలు. మా వీధి పాలబ్బాయి తెల్లవారుజామున ప్యాకెట్లను తడి గుమ్మం మీద వదలకుండా కిటికీ గట్టు మీద పెట్టి వెళతాడు. నేను మూడేళ్లు గమనించనే లేదు. ఇక్కడి శాంథోమ్ బసిలికా చర్చిలో క్రిస్మస్ అర్ధరాత్రి ఆరాధనకు, అంటే దివ్యబలిపూజకు, తప్పక వెళ్లండి. నా మటుకు నాకు ఇమ్మానుయేలు అర్థమైంది మాత్రం ఆ గట్టు దగ్గరే.

యేసు తల్లి మరియ జరిగినవన్నీ మనసులో తలపోసుకుందని లూకా 2:19 చెబుతుంది. మీరూ పడుకునే ముందు ఐదు నిమిషాలు అదే చేయండి: ఈ రోజు ఎవరి చేతుల మీదుగా మేలు అందింది? మొదటి వారం ఏమీ తోచకపోవచ్చు. ఫోను మాత్రం పక్క గదిలో పెట్టండి.