ఊళ్లు అవే, దారి వేరు: టీటీఈ వేసిన ఫైన్ చెల్లుతుందా?

ప్రశ్న: సికింద్రాబాద్‌లో విజయవాడకు జనరల్ టికెట్ తీసుకున్నాను. బండి కిక్కిరిసి ఉండటంతో వదిలేసి, అదే రోజు వరంగల్ మీదుగా వెళ్లే సూపర్‌ఫాస్ట్ ఎక్కాను. ఖమ్మం దాటాక టీటీఈ నా టికెట్ చూసి, అది నల్గొండ, గుంటూరు మీదుగా ఇచ్చిందని, పైగా సూపర్‌ఫాస్ట్‌కు పనికిరాదని చెప్పారు. మొత్తం చార్జీ మళ్లీ కట్టించుకుని పైన 250 రూపాయల ఫైన్ వేశారు. కట్టకపోతే కేసు అన్నారు. డబ్బు పెట్టి టికెట్ కొన్నవాణ్ని టికెట్ లేనివాడితో జమకట్టొచ్చా?

జవాబు: ఆ 250 మీద ఆశ వదులుకోండి. మొత్తం చార్జీ మళ్లీ వసూలు చేయడం మీద మాత్రం గట్టిగా నిలదీయొచ్చు.

ముందు మీ టికెట్ తీసి చూడండి. ఊళ్ల పేర్లతో పాటు 'వయా' అని ఉండి పక్కన స్టేషన్ కోడ్‌లు ఉంటాయి. కేజెడ్‌జే అంటే కాజీపేట, ఎన్‌ఎల్‌డీఏ అంటే నల్గొండ. సికింద్రాబాద్ నుంచి విజయవాడకు కాజీపేట మీదుగా సుమారు 350 కిలోమీటర్లు. నల్గొండ, గుంటూరు మీదుగా అంతకన్నా తక్కువ. చార్జీ లెక్కగట్టేది ఆ దూరాన్ని బట్టే. తక్కువ దూరానికి డబ్బు కట్టి ఎక్కువ దూరం ప్రయాణిస్తే తేడా కట్టాల్సిందే. టికెట్ మీద బండి రకం కూడా ఉంటుంది. ఎక్స్‌ప్రెస్ టికెట్‌తో సూపర్‌ఫాస్ట్ ఎక్కితే సెకండ్ క్లాస్‌కు 15 రూపాయల సప్లిమెంటరీ చార్జీ బాకీ పడతారు.

అంటే మీ టికెట్ చెల్లనిది కాదు, చాలనిది. రైల్వే చట్టం, 1989లోని 138వ సెక్షన్ ఈ రెండింటినీ విడదీసింది. మొదటి ఉపసెక్షన్ సరైన టికెట్ లేనివారికి: వాళ్లు మొత్తం చార్జీ, దానిపై అదనపు చార్జీ కట్టాలి. రెండోది టికెట్ ఉండి పై తరగతి పెట్టెలోనో బండిలోనో ఎక్కినవారికి, టికెట్ ఉన్న చోటు దాటి వెళ్లినవారికి: వాళ్లు కట్టాల్సింది తేడా, దానిపై అదనపు చార్జీ. సూపర్‌ఫాస్ట్ సంగతి రెండోదాని కిందికే వస్తుంది, అందులో సందేహం లేదు. దారి మారిన సంగతి ఆ ఉపసెక్షన్‌లో విడిగా లేదు. అయినా కట్టిన చార్జీని మినహాయించి మిగతాదే అడగాలన్నది నా అభిప్రాయం.

మరి 250 ఎందుకు? అదనపు చార్జీ అంటే బాకీ ఉన్న చార్జీకి సమానమైన మొత్తం లేదా 250 రూపాయలు, ఏది ఎక్కువైతే అది. మీ విషయంలో తేడా కొద్ది రూపాయలే అయినా 250 పడుతుంది. దీన్ని తప్పించుకునే దారి చట్టంలోనే ఉంది, చాలామందికి తెలియదు. బండి ఎక్కే ముందే గార్డుకో టీటీఈకో చెప్పి, చార్జీ తర్వాత కడతానన్న షరతు మీద 55(2) సెక్షన్ కింద అనుమతి పత్రం తీసుకుంటే అదనపు చార్జీ వేయకూడదు. నోటిమాట సరిపోదు, కాగితం కావాలి. టైముంటే కౌంటర్లోనే తేడా కట్టి ఎక్కడం ఇంకా తేలిక.

ఇక కేసు బెదిరింపు. 137వ సెక్షన్ మోసం చేసే ఉద్దేశంతో ప్రయాణించినవారికి. ఆరు నెలల దాకా జైలు ఉంది. టికెట్ చేతిలో పెట్టుకుని చూపించినవారికి అది అతకదు. అడిగిన డబ్బు కట్టనంటే మాత్రం 138 కిందే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్తారు. ఆయన దాన్ని జరిమానాలా వసూలు చేయిస్తారు, కట్టకపోతే పది రోజుల నుంచి నెల దాకా జైలు వేయవచ్చు. అందుకే బండిలో వాదనకు దిగకుండా, కట్టి రసీదు తీసుకోవడమే తెలివైన పని.

టీటీఈ రసీదుగా ఇచ్చిన ఆ ఎక్సెస్ ఫేర్ టికెట్‌లో చార్జీ ఎంత, అదనపు చార్జీ ఎంత అని విడివిడిగా ఉంటుంది. చార్జీ గడిలో మొత్తం చార్జీ వేసి ఉంటే, దాని నకలు, పాత టికెట్ నకలు జతచేసి డివిజన్ సీనియర్ డీసీఎంకు (టికెట్ల వ్యవహారాలు చూసే సీనియర్ డివిజనల్ కమర్షియల్ మేనేజర్‌కు) రాయండి: 'కట్టిన చార్జీని మినహాయించలేదు, ఎక్కువ వసూలు చేసినది తిరిగి ఇవ్వండి' అని, 250 జోలికి పోకుండా. రైల్వే ఫిర్యాదుల పోర్టల్ రైల్ మదద్‌లో కూడా నమోదు చేయొచ్చు. చార్జీల వాపసు వివాదాలకు సికింద్రాబాద్‌లో రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్ ఉంది, గడువు డబ్బు కట్టిన రోజు నుంచి మూడేళ్లు. ఇంత చిన్న మొత్తానికి ఆ మెట్లు ఎక్కమని నేను చెప్పను.

ఇకమీదట కౌంటర్లో ఊరి పేరుతో పాటు 'కాజీపేట మీదుగా, సూపర్‌ఫాస్ట్' అని కూడా చెప్పండి. యాప్‌లో అయితే రూట్ ఎంచుకోమని అడిగినప్పుడు మొదటి దాన్నే నొక్కేయకండి. వరంగల్ లాంటి 199 కిలోమీటర్ల లోపు ఊళ్లకైతే మరో మెలిక ఉంది: టికెట్ ఇచ్చిన మూడు గంటల్లోపు, లేదా ఆ ఊరికి వెళ్లే మొదటి బండి బయల్దేరేలోపు, ఏది ఆలస్యమైతే అప్పటికి ప్రయాణం మొదలుపెట్టాలి. అది దాటితే టికెట్ నిజంగానే చెల్లదు, అప్పుడు ఈ తేడా వాదన నిలవదు.