అయస్కాంతపు పరుపు, అమెరికా సీసాలు, పెరటి ఉసిరి: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ఈ నెల అందిన ఉత్తరాలలో ఎక్కువ భాగం మందులు లేని వైద్యం, ప్రకృతిసిద్ధమైన ఆరోగ్యం అంటూ అమ్ముతున్న వస్తువుల గురించే ఉన్నాయి. ఒకే తీరు ప్రశ్నలను కలిపి, కొన్నింటిని కుదించి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా ఊరి ఫంక్షన్ హాలులో ఉచిత ఆరోగ్య శిబిరం పెట్టి, అయస్కాంతాలు అమర్చిన పరుపును చూపించారు. రక్తంలో ఇనుము ఉంటుంది కాబట్టి అయస్కాంతం దానిని ఆకర్షించి రక్తప్రసరణను పెంచుతుందని, మోకాళ్ల నొప్పులు తగ్గుతాయని చెప్పారు. పరుపు మీద దిక్సూచి పెడితే ముల్లు గిర్రున తిరిగింది. నాకు మోకాళ్లు అరిగాయి. మావారికి పేస్‌మేకర్ ఉంది. ధర లక్ష దాటింది గానీ వాయిదాలలో ఇస్తామంటున్నారు. కొనవచ్చునా? (ఒక గృహిణి, తెనాలి)

సమాధానం: కొనవద్దమ్మా. మీ వారి పేస్‌మేకర్ సంగతి తెలిసిన తరువాత ఆ పరుపు మీ పడకగదిలోకే రాకూడదని చెప్పవలసి వస్తోంది. బలమైన అయస్కాంతం దగ్గరికి వచ్చినప్పుడు పేస్‌మేకర్ గుండె స్పందనను గమనించడం మాని ఒకే వేగంతో కొట్టే పద్ధతిలోకి మారిపోతుంది. గుండె లయ తప్పినప్పుడు షాక్ ఇచ్చి కాపాడే పరికరం అమర్చుకున్నవారిలోనైతే ఆ షాక్ ఇచ్చే ఏర్పాటే ఆగిపోవచ్చు. అందుకే అయస్కాంతం ఉన్న వస్తువులను పరికరానికి కనీసం అరడుగు దూరంలో ఉంచమంటారు. రాత్రంతా పడుకునే పరుపుతో ఆ దూరం పాటించడం ఎలా?

ఇక రక్తంలోని ఇనుము మాట. అది మేకులోని ఇనుము వంటిది కాదు. రక్తానికి ఎర్రరంగునిచ్చే హిమోగ్లోబిన్‌లో ఒక్కొక్క ఇనుము పరమాణువు వేరువేరుగా బంధించబడి ఉంటుంది. ప్రాణవాయువును మోస్తున్న రక్తాన్ని అయస్కాంతం ఆకర్షించకపోగా అతి స్వల్పంగా వికర్షిస్తుందని, ప్రాణవాయువును వదిలిన రక్తాన్ని మాత్రం అతి స్వల్పంగా ఆకర్షిస్తుందని 1936లోనే లైనస్ పౌలింగ్, చార్లెస్ కొరియెల్ అనే రసాయన శాస్త్రవేత్తలు చూపించారు. ఇంట్లో షుగరు పరీక్షకు వేలి కొస గుచ్చినప్పుడు వచ్చే రక్తపు బొట్టు దగ్గరికి ఫ్రిజ్ తలుపు మీది అయస్కాంతాన్ని తీసుకెళ్లి చూడండి, బొట్టు కదలదు. నిజంగానే రక్తం అటు లాగబడుతూ ఉంటే, పరుపు తగిలిన చోటల్లా ఒళ్లు ఎర్రగా కంది ఉండాలి. దిక్సూచి ముల్లు తిరగడం పరుపులో అయస్కాంతం ఉందనడానికి రుజువే గాని, అది వైద్యం చేస్తుందనడానికి రుజువు కాదు.

ఎమ్మారై యంత్రంలో 1.5 లేదా 3 టెస్లాల (అయస్కాంత బలానికి కొలమానం) అయస్కాంత క్షేత్రం ఉంటుంది. పరుపులోని బిళ్ల బలం దూదిని, దుప్పటిని, చర్మాన్ని దాటి కీలు దాకా చేరేసరికి దానికంటే ఎన్నో రెట్లు తగ్గిపోతుంది, ఎందుకంటే చిన్న అయస్కాంతం ప్రభావం దూరంతో పాటు చాలా వేగంగా పడిపోతుంది. అరిగిన మోకాలికి ఎమ్మారై తీయించుకున్నవారు అంత పెద్ద అయస్కాంతంలో అరగంట పడుకుని కూడా అదే నొప్పితో బయటికి వస్తున్నారు కదా.

దీనిని పరీక్షించి చూసినవారు కూడా ఉన్నారు. ఇంగ్లండులో రుమటాయిడ్ కీళ్లవాతం ఉన్న 70 మందికి బలమైన అయస్కాంతపు పట్టీ, బలహీనమైన పట్టీ, అయస్కాంత శక్తి తీసేసిన పట్టీ, రాగి కడియం అనే నాలుగింటినీ ఒకదాని తరువాత ఒకటిగా అయిదేసి వారాలు ధరింపజేశారు. 2013లో వెలువడిన ఆ ఫలితాలలో నొప్పిలో గాని, వాపులో గాని, మందుల వాడకంలో గాని చెప్పుకోదగిన తేడా కనబడలేదు. మరి వాడినవారు హాయిగా ఉందంటున్నారే అంటారా? అరుగుదల నొప్పికి ఎగుడు దిగుళ్లు సహజం. భరించలేనంతగా ఉన్నప్పుడే మనిషి ఏదో ఒకటి కొంటాడు, ఆ తరువాత అది తనంతట తాను కొంత తగ్గుతుంది, ఆ పేరు పరుపుకు పోతుంది. దానికి తోడు నమ్మకం నొప్పిని కొంతవరకు తగ్గించగలదు కూడా. 1784లో మెస్మర్ అనే వైద్యుడు రోగాలు నయం చేస్తుందని చెప్పిన ‘జంతు అయస్కాంత శక్తి’ని విచారించడానికి ఫ్రాన్సు రాజు నియమించిన సంఘం, ఇందులో బెంజమిన్ ఫ్రాంక్లిన్, లవోయిజర్ వంటి శాస్త్రవేత్తలు సభ్యులు, రోగికి తెలియకుండా చికిత్స చేస్తే ఏమీ జరగలేదని, చేయకుండానే చేశామని చెబితే మాత్రం మూర్ఛలు వచ్చాయని గమనించింది.

మీ మోకాళ్లకు నేను చెప్పగలిగినది కొంత చప్పగానే ఉంటుంది. బరువు ఎక్కువగా ఉంటే తగ్గించుకోవాలి. కుర్చీలో కూర్చుని, కాలిని నిటారుగా చాచి, కొన్ని క్షణాలు నిలిపి నెమ్మదిగా దించే వ్యాయామాన్ని రోజూ చేస్తూ తొడ కండరాలను గట్టిపరచుకోవాలి. చేతికర్ర వాడేటట్లయితే నొప్పి ఉన్న కాలి వైపు కాకుండా రెండో చేతిలో పట్టుకోవాలి. దీనిని చాలామంది తిరగేసి చేస్తారు. ఆ లక్షలో చిన్న భాగంతో ఫిజియోథెరపిస్టు దగ్గర ఈ వ్యాయామాలు సక్రమంగా నేర్చుకోవచ్చు.

ప్రశ్న: అయస్కాంతం మీద రాత్రంతా ఉంచిన నీటిని పరగడుపున తాగితే బీపీ, షుగరు తగ్గుతాయా? (ఒక పాఠకుడు, వరంగల్)

సమాధానం: తగ్గవు. నీరు అయస్కాంత శక్తిని పట్టి ఉంచుకోదు. ఆ నీటితో హాని లేదు, దానిని నమ్మి మాత్రలు మానేస్తేనే హాని. మధుమేహం, రక్తపోటు, క్యాన్సర్ వంటి జబ్బులు నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడం 1954 నాటి చట్టం ప్రకారం మన దేశంలో నేరమని కూడా గుర్తుంచుకోండి.

ప్రశ్న: అయస్కాంతాలు పనిచేయవని మీరు అంటారు. కాని మా ఫిజియోథెరపీ కేంద్రంలో మాగ్నెటిక్ థెరపీ యంత్రం ఉంది, మానసిక వైద్యులు కూడా కుంగుబాటుకు అయస్కాంత చికిత్స చేస్తున్నారు. ఇది పరస్పర విరుద్ధం కాదా? (ఒక ఉపాధ్యాయుడు, కరీంనగర్)

సమాధానం: మంచి ప్రశ్న. తేడా కదలికలో ఉంది. మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రం దగ్గరలోని వాహకంలో విద్యుత్తును పుట్టిస్తుందని ఫారడే సూత్రంగా మీరు తరగతిలో చెప్పే ఉంటారు. కుంగుబాటు చికిత్సలో తల మీద ఉంచిన తీగచుట్టలో క్షణంలో అతి స్వల్ప భాగంపాటు బలమైన స్పందనలు పంపి, మెదడులోని నరకణాలను ఆ విద్యుత్తుతో ప్రేరేపిస్తారు. మందులకు లొంగని కుంగుబాటుకు దీనిని అమెరికాలో 2008లో అనుమతించారు. విరిగి ఎంతకూ అతకని ఎముకలకు స్పందనలతో కూడిన క్షేత్రాలను అంతకు ముందు నుంచే వాడుతున్నారు. అక్కడ పనిచేసేది విద్యుత్తు, అయస్కాంతం దానిని లోపలికి చేర్చే మార్గం మాత్రమే. పరుపులోను, కడియంలోను ఉన్న బిళ్ల కదలదు, మారదు. మోకాళ్ల విషయంలో మాత్రం ఆ స్పందన యంత్రాల మీద జరిగిన పరీక్షలలో ఫలితాలు ఒకే తీరుగా రాలేదు కాబట్టి, వ్యాయామం మాని యంత్రం ఒక్కదాన్నే నమ్ముకోవడం నాకు సమ్మతం కాదు.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికా నుంచి బీటా కెరోటిన్, విటమిన్ ఇ మాత్రల సీసాలు తెచ్చాడు. యాంటీ ఆక్సిడెంట్లు కాబట్టి క్యాన్సర్ రాకుండా కాపాడతాయట. నాకు 62 ఏళ్లు. నలభై ఏళ్లుగా చుట్ట అలవాటు. రోజూ వేసుకోవచ్చునా? (ఒక రైతు, విజయనగరం జిల్లా)

సమాధానం: బీటా కెరోటిన్ సీసాను ఈ రోజే పక్కన పెట్టేయండి. పొగతాగేవారికి అది మేలు చేయకపోగా కీడు చేస్తుందని పెద్ద పరీక్షలలోనే తేలింది.

కాయగూరలు, పండ్లు ఎక్కువగా తినేవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువగా వస్తోందని గమనించినవారు, ఆ మేలు క్యారెట్‌లోని బీటా కెరోటిన్‌దే కావచ్చునని ఊహించారు. ఊహను పరీక్షించడానికి ఫిన్లాండులో 50 నుంచి 69 ఏళ్ల మధ్య వయసున్న 29,133 మంది పొగతాగే మగవారిని ఎన్నుకుని, కొందరికి రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ ఇచ్చారు. 1994లో ఫలితాలు చూస్తే మాత్ర వేసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా కనబడింది. అమెరికాలో పొగతాగేవారి మీద, ఆస్బెస్టాస్ పనివారి మీద బీటా కెరోటిన్, విటమిన్ ఏ కలిపి చేసిన మరో పరీక్షలో ఈ పెరుగుదల 28 శాతం ఉండడంతో 1996లో దానిని గడువుకు ముందే ఆపేశారు. పొగతో నిండిన ఊపిరితిత్తులలో అంత మోతాదు బీటా కెరోటిన్ తానే ఆక్సీకరణకు గురై హానికరమైన పదార్థాలుగా మారుతుందని దీనికి ఒక వివరణ ఇస్తారు. ఆ పరీక్షలలోని వారు ఎక్కువగా సిగరెట్లు తాగేవారే అయినా, చుట్టకు వేరే నియమం ఉంటుందని అనుకోవడానికి కారణం లేదు.

విటమిన్ ఇ సంగతి కూడా అంతే. 35,000 మందికి పైగా మగవారి మీద జరిగిన పరీక్షలో రోజుకు 400 యూనిట్లు వేసుకున్నవారిలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం పెరిగిందని 2011లో ప్రకటించారు. యాంటీ ఆక్సిడెంట్లు అంటే కణాలను దెబ్బతీయగల ఆక్సీకరణ కారకాలను అణచే పదార్థాలు. కాని ఆ కారకాలను శరీరం పూర్తిగా శత్రువులుగా చూడదు. క్రిములను చంపడానికి, కణాల మధ్య సంకేతాలకు వాటిని తానే తయారుచేసుకుని వాడుకుంటుంది. ఒక్క పదార్థాన్ని పట్టుకుని భోజనంలో ఎన్నడూ దొరకని మోతాదులో లోపల పోస్తే ఆ సర్దుబాటు దెబ్బతింటుంది. గుమ్మడికాయ, క్యారెట్, మునగాకు నిశ్చింతగా తినండి, పైన చెప్పిన హాని మాత్రలదే, కూరలది కాదు. మీకు నిజంగా క్యాన్సర్ భయం ఉంటే మానవలసినది చుట్ట. నోటిలో మానని పుండు గాని, తెల్లని మచ్చ గాని ఉంటే వెంటనే చూపించుకోండి. మీ ప్రాంతంలో నిప్పు వైపు లోపల పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవారు ఇంట్లో ఉంటే వారి అంగిలిని కూడా చూపించండి.

ప్రశ్న: యాంటీ ఆక్సిడెంట్లు అన్నిటికంటే ఎక్కువగా ఉన్న ఆహారం ఏది? బ్లూబెర్రీలు కొనాలంటే ధర అందడం లేదు. (ఒక విద్యార్థిని, హైదరాబాద్)

సమాధానం: అలాంటి ర్యాంకుల పట్టికను అమెరికా వ్యవసాయ శాఖ ఒకటి నడిపి, పరీక్షనాళికలోని అంకెలకు శరీరంలో జరిగేదానికి పొంతన లేదని, వ్యాపారులు వాటిని దుర్వినియోగం చేస్తున్నారని 2012లో తొలగించింది. అందుచేత మొదటి స్థానం ఎవరిదన్న తగవు వదిలేయండి.

బ్లూబెర్రీకి ఆ రంగునిచ్చే ఆంథోసయనిన్లే మన నేరేడు పండుకు కూడా రంగునిస్తాయి. విటమిన్ సి కావాలంటే, మీ నగరంలోనే తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ పట్టికలో 100 గ్రాముల ఉసిరికి సుమారు 250, జామకు 200కు పైగా మిల్లీగ్రాములు ఉన్నాయి. వయోజన స్త్రీకి రోజుకు కావలసినది 65 మిల్లీగ్రాములు, అంటే ఒక మోస్తరు జామకాయ చాలును. కార్తీకంలో వనభోజనాలకు వెళ్లినప్పుడు ఉసిరి చెట్టు కింద కూర్చోవడంతో సరిపెట్టకుండా నాలుగు కాయలు పచ్చివిగానే నమలండి. ఉసిరి పచ్చడిలో ఉప్పు, మురబ్బాలో పంచదార ఎంత ఉంటాయో చేసినవారికి తెలుసు కాబట్టి వాటిని మందుగా లెక్కించవద్దు. ఆకుకూరను తరిగిన తరువాత కడిగితే విటమిన్ సి నీళ్లలో కలిసిపోతుంది, కడిగిన తరువాతే తరగాలి. టమాటాది వేరే దారి: దానికి ఎర్రరంగునిచ్చే లైకోపిన్ నూనెతో ఉడికినప్పుడే బాగా ఒంటబడుతుంది. పప్పులో నిమ్మరసం పిండుకుంటే ఆకుకూరలోని ఇనుము ఎక్కువగా అందుతుంది, భోజనం కాగానే టీ తాగితే తగ్గుతుంది.

రెండు హెచ్చరికలు. కిడ్నీలో రాళ్లు వచ్చినవారు పాలకూర, గోంగూరలను తరచుగా తినకూడదు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు ఆకుకూరలు మానవలసిన పనిలేదు గాని, ఒక వారం ఏమీ తినకుండా మరుసటి వారం రోజూ తింటే మందు మోతాదు తలకిందులవుతుంది.

ప్రశ్న: వంటలో పసుపు వాడుతూనే ఉన్నాము. పసుపు మాత్రలు కూడా వేసుకుంటే ఇంకా మంచిదా? నాకు వచ్చే నెల పిత్తాశయపు ఆపరేషన్ ఉంది. (ఒక పాఠకురాలు, నిజామాబాద్)

సమాధానం: కూరలో వేసే చిటికెడు పసుపులో దాని గుణాలకు మూలమని చెప్పే కర్కుమిన్ నూటికి సుమారు మూడు పాళ్లే, అందులోనూ ఒంటికి పట్టేది బహు తక్కువ. మాత్రలలో దానిని గాఢం చేసి, మిరియాల సారంతో శరీరం ఎక్కువగా పీల్చుకునేలా చేస్తారు. 2019లో ఇటలీలో ఇటువంటి మాత్రలు వాడిన కొందరికి కాలేయం వాచినట్లు బయటపడింది. కర్కుమిన్ పిత్తాశయాన్ని ముడుచుకునేలా చేస్తుంది కాబట్టి రాళ్లు ఉన్న మీకు అది నొప్పి తెప్పించవచ్చు. రక్తం గడ్డకట్టడాన్ని కొంత తగ్గించే గుణం కూడా దానికి ఉంది. మాత్రలు ఇప్పటికే మొదలుపెట్టి ఉంటే ఆపి, ఆ సీసాను తీసుకువెళ్లి మీ సర్జన్‌కు, మత్తు ఇచ్చే డాక్టరుకు చూపించండి. కూరలో పసుపు మానవలసిన అవసరం లేదు.