బాపు చేతికి వాచ్, యాప్ చేతికి ఓటీపీలు

ప్రశ్న: మా బాపుకు 64 ఏళ్లు. పోయినేడు స్టెంట్ వేశారు. 1,900 రూపాయలు పెట్టి స్మార్ట్‌వాచ్ కొనిచ్చాను. భద్రకాళి బండ్ మీద నడిచేటప్పుడు గుండె వేగం ఒకసారి 70, ఇంకోసారి 150 చూపిస్తోంది. ఇంట్లో అందరికీ టెన్షన్. ఈసీజీ ఉన్న వాచ్ కొంటే గుండెపోటు ముందే తెలుస్తుందా? డబ్బా మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి యాప్ వేశాను, అడిగినవాటికల్లా 'అలో' కొట్టాను. (హన్మకొండ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: గుండెపోటు ముందే తెలియదు. ఎంత ఖరీదు పెట్టినా తెలియదు. వారం వారం ఇదే అడుగుతున్నారు. వాచ్‌లోని ఈసీజీ ఒకే లీడ్‌ది, అంటే గుండెలోని విద్యుత్తును ఒకే కోణం నుంచి చూస్తుంది. వేలు ఆనించి 30 సెకన్లు ఉంచితే లయ తప్పిన గుండెను, ముఖ్యంగా గుండె పై గదులు అడ్డదిడ్డంగా వణికే ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌ను పట్టుకోగలదు. రక్తనాళం మూసుకుపోయిందేమో చూడాలంటే ఆసుపత్రిలో తీసే 12 లీడ్ల ఈసీజీ కావాలి. ఛాతీ బరువెక్కి చెమటలు పడితే వాచ్ వైపు చూడకండి, 108కి ఫోన్ చేయండి.

ఇక ఆ 150. వాచ్ అడుగున వెలిగే ఆకుపచ్చ కాంతి రక్తం కదలికను చదువుతుంది. బెల్టు వదులుగా ఉండి చేయి ఊగితే అడుగుల ఊపునే నాడిగా లెక్కపెడుతుంది. మణికట్టు ఎముకకు కాస్త పైన బిగించి, ఐదు నిమిషాలు కూర్చోబెట్టి చూడండి. అప్పుడూ అంకెలు ఎగిరిపడుతుంటే వేళ్లతో నాడి లెక్కపెట్టి, డాక్టరుకు చూపించండి.

నాకు నిద్రపట్టనిది మీ చివరి వాక్యంతో. ఇలా క్యూఆర్ కోడ్‌తో ప్లే స్టోర్ బయటి నుంచి వేసిన యాప్‌కు 'నోటిఫికేషన్ యాక్సెస్' ఇచ్చారంటే, ఫోన్ తెర మీదికి వచ్చే మెసేజ్‌లను అది చదవగలదు. చాలా ఫోన్లలో బ్యాంకు ఓటీపీ కూడా అందులోనే వస్తుంది. దానికి తోడు ఎస్సెమ్మెస్, కాంటాక్టులు కూడా అడిగి ఉంటుంది. నాడి లెక్కకు ఇవేవీ అక్కర్లేదు. ఆండ్రాయిడ్ 11 వరకు బ్లూటూత్‌తో వాచ్‌ను వెతకడానికి లొకేషన్ కావాలి. 12 నుంచి 'నియర్‌బై డివైసెస్' చాలు. బాపు పెన్షన్ ఖాతా ఆ ఫోన్‌లోనే ఉంటే ఈ రాత్రే ఆ యాప్ తీసేయండి. అదే యాప్ ప్లే స్టోర్‌లో దొరక్కపోతే వాచ్‌ను వాపసు ఇచ్చేయండి. ఇప్పటికే ఖాతాలోంచి డబ్బు పోయిందనిపిస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి.

కొనిచ్చి, అన్నీ నొక్కేసి, పెద్దాయన చేతికి కట్టి వెళ్లిపోయే పిల్లల మీద నాకు కోపమే. అంతకంటే ఎక్కువ కోపం ఆ తెర గీసినవాళ్ల మీద. 'అలో' నీలిరంగులో పెద్దగా ఉంటుంది, 'వద్దు' బూడిదరంగులో మూలన ఉంటుంది. కళ్లజోడు వెతుక్కునే మనిషికి ఏది కనిపిస్తుందో వాళ్లకు తెలుసు. ఇలాంటి వాచ్‌లలో కొన్ని సూది గుచ్చకుండానే షుగర్ చెబుతామంటున్నాయి. అలాంటివి వాడొద్దని 2024 ఫిబ్రవరిలో అమెరికా మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ఆ అంకె నమ్మి ఇన్సులిన్ డోసు మార్చుకుంటే మనిషి ప్రాణం మీదికి వస్తుంది. అయినా డబ్బా మీద ఆ మాట అచ్చేసి అమ్ముతూనే ఉన్నారు.